తమ్ముడికి పచ్చకామెర్లు: అమ్మ పసరు తాగించాలంటోంది, డాక్టరేమో మందే రాయలేదు, ఏం చెయ్యాలి?

గోదారమ్మాయి_ఏలూరు

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్. మా తమ్ముడికి 23 ఏళ్ళు, హైదరాబాద్‌లో పీజీ హాస్టల్లో ఉండి జాబ్ చేస్తున్నాడు. మొదట జ్వరం, వాంతులు, అన్నం వాసన వస్తేనే వికారం, మామూలు వైరల్ ఫీవర్ అనుకున్నాడు, జ్వరం తగ్గాక కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం బాగా ముదురు రంగులో వస్తోంది. ఇంటికి రమ్మన్నాం, ఇక్కడ డాక్టర్‌కి చూపిస్తే రిపోర్టులో బిలిరుబిన్ 8.4, ఎస్‌జీపీటీ 1900 దాటింది, లివర్ దెబ్బతింటే పెరిగేది అదేనట. ఆయన వాంతులకి ఒక టాబ్లెట్ మాత్రం రాసి, రెస్ట్ తీసుకో, తినగలిగింది తిను, తాగుడు జోలికి పోకు అన్నారు, ఇంకా హెపటైటిస్ ఎ, బి, సి, ఇ టెస్టులు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే పీటీ ఐఎన్ఆర్, కడుపు స్కానింగ్ రాశారు. మళ్ళీ రమ్మన్నారు.

అమ్మకి అసలు నచ్చలేదు. ఇంత పచ్చగా ఉన్నవాడికి మందే రాయలేదంటే వాళ్ళ దగ్గర కామెర్లకి మందు లేదనేగా, ఊరికే టెస్టులకి డబ్బులు పొయ్యడం ఎందుకు అంటుంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పక్కన ఒకాయన పసరు ఇస్తాడు, ఆదివారం పొద్దున్నే పరగడుపున తాగాలి, మూడు వారాలు, ఆ తర్వాత నలభై రోజులు పథ్యం, ఉప్పు నూనె పసుపు ఏమీ ఉండకూడదు, మజ్జిగన్నమే. మా నాన్నకి పెళ్ళికి ముందు కామెర్లొస్తే అక్కడే తగ్గిందట, మా బాబాయికి కూడా. పక్కింటి పిన్నిగారు ఇంకో అడుగు ముందుకేసి చేతికి వాత కూడా పెట్టించమంటున్నారు, దానికి మాత్రం నేను ఒప్పుకోను.

నేను పసరుని తీసిపారెయ్యట్లేదు, మా ఇంట్లోనే తగ్గినవాళ్ళున్నారు కదా. రెండూ కలిపి చెయ్యొచ్చా? టెస్టులు ఆపేసి పసరు ఒక్కటే నమ్ముకోవచ్చా? డాక్టర్‌కి చెప్పాలా? ఆదివారం దగ్గరకొచ్చేస్తోంది, అమ్మ బండి కూడా మాట్లాడేసింది.

---

ఓరుగల్లు_సతీష్

అక్కా, మా దిక్కు గూడ ఇదే ముచ్చట. ఊర్లె ఎవరికి కామెర్లు అయినా ముందు పసరుకే పోతరు, నేను గూడ డిగ్రీల ఉన్నప్పుడు తాగిన, తగ్గింది, అందుకని మీ అమ్మను నేను తప్పు పట్ట. కానీ మా మేనమామ సంగతి చెప్తా, జర పూర్తిగ వినుండ్రి.

ఆయనకు అరవై దగ్గర పడ్డంక కళ్ళు పచ్చగైనయ్. అదే పసరు, అదే పథ్యం. ఈసారి తగ్గకపోగా ఒళ్ళంత దురద, రాత్రి నిద్ర లేదు, మలం తెల్లగ సున్నం లెక్క రావట్టె, పసరాయన ఇంకో వారం చూద్దాం అంటనే ఉన్నడు. ఒకరోజు చలిజ్వరం వచ్చి వణికిపోతుంటే పట్నం తీస్కపోయినం, స్కానింగ్ చేస్తే పిత్తనాళంల రాయి అడ్డం పడ్డది, లివర్ల తయారయ్యే పిత్తరసం కిందికి దిగే తొవ్వనే లేదు, ఇన్ఫెక్షన్ గూడ మొదలైంది. నోట్లకెల్లి ట్యూబ్ పంపి ఆ రాయి తీసిన్రు, దాన్ని ఈఆర్‌సీపీ అంటరు, వారం తిరగకముందే కళ్ళు తెల్లగైనయ్. రాయి అడ్డం ఉన్నోనికి ఏ ఆకు పసరు పోస్తే ఆ రాయి కదుల్తదో మీరే చెప్పుండ్రి.

నాది తగ్గింది, ఆయనది తగ్గలే, ఇద్దరం తాగింది ఒక్కటే పసరు. తేడా పసరుల లేదు, కామెర్లు ఎందుకొచ్చినయన్న దాంట్ల ఉంది. మీ తమ్మునికి స్కానింగ్ రాసిన్రు కదా, అది మాత్రం ఆపకుండ్రి.

---

నైట్‌డ్యూటీ_గుంటూరు

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, కామెర్ల కేసులు వానాకాలంలో మాకు రోజూ వస్తాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

సతీష్ గారు అసలు విషయం చెప్పేశారు. పచ్చకామెర్లు అనేది ఒక జబ్బు కాదండీ, లోపల ఏదో జరుగుతోందని బయటికి కనిపించే గుర్తు. రక్తంలో బిలిరుబిన్ పెరిగితే కళ్ళు పచ్చబడతాయి, అది పెరగడానికి కారణాలు మాత్రం బోలెడు, నీళ్ళ ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ, రక్తం ద్వారా వచ్చే బి, సి, మద్యం తాగడం, టీబీ మందుల్లాంటివి కొందరికి పడకపోవడం, పిత్తనాళంలో రాయి, పాంక్రియాస్‌లో గడ్డ, మలేరియా, లెప్టోస్పైరోసిస్, ఇలా. అందరికీ కళ్ళు ఒకేలా పచ్చగా ఉంటాయి, కాబట్టి కళ్ళు చూసి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను, పసరాయనా చెప్పలేడు, అందుకే ఆ టెస్టులు.

ఇక మందు ఎందుకు రాయలేదనే మాట. 23 ఏళ్ళ కుర్రాడు, హాస్టల్ నీళ్ళు, బయట తిండి, ముందు జ్వరం వచ్చి తగ్గాక కళ్ళు పచ్చబడ్డం, ఎస్‌జీపీటీ వేలల్లో ఉండడం, ఇదంతా చూస్తే ఎక్కువ భాగం హెపటైటిస్ ఎ గానీ ఇ గానీ అయ్యుంటుంది, టెస్టులొచ్చేదాకా ఖాయంగా అనలేం. ఆ రెండిటికీ మామూలుగా మందు అవసరం పడదు, ఒంటి రక్షణ వ్యవస్థే వైరస్‌ని తరిమేస్తుంది, లివర్ మళ్ళీ మామూలవుతుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది. అంటే మీ డాక్టర్ దగ్గర మందు లేక కాదు, అక్కర్లేని మందు ఇచ్చి దెబ్బతిన్న లివర్ మీద ఇంకో బరువు పెట్టకూడదని రాయలేదు. నిజానికి నాకు ఆయన మీద గౌరవం కలిగింది, ఎందుకంటే పేషెంట్ తృప్తి కోసం నాలుగు లివర్ టానిక్కులు రాసేయడం చాలా సులువు, రాయకుండా కూర్చుని చెప్పడమే కష్టం.

మీ నాన్నగారికి పసరుతో ఎలా తగ్గింది అంటారా, ఇక్కడే ఉంది మతలబు. ఎ, ఇ రకాల్లో బిలిరుబిన్ ఒకటి రెండు వారాలు పెరిగి, తర్వాత దానంతటదే దిగడం మొదలవుతుంది. జనం పసరుకి వెళ్ళేది ఎప్పుడు? కళ్ళు బాగా పచ్చబడ్డాక, అంటే దాదాపు పైకి ఎక్కడం అయిపోయే టైముకి. అక్కణ్ణుంచి మూడు ఆదివారాలు అంటే సరిగ్గా అది దిగే రోజులు. పసరు తాగినా తాగకపోయినా ఆ మూడు వారాల్లో చాలామంది కళ్ళు తెల్లబడతాయి, పేరు మాత్రం పసరుకి వస్తుంది. ఆయన మోసం చేస్తున్నాడని నేనట్లేదు, ఆయన కళ్ళముందు నిజంగానే వందలమందికి తగ్గి ఉంటుంది, తగ్గనివాళ్ళు తిరిగి ఆయన దగ్గరికి రారు, మా ఐసీయూకి వస్తారు.

ఉప్పు నూనె లేని పథ్యం వద్దండీ. పాత నమ్మకం అది. కొవ్వు తింటే వికారం ఎక్కువైతే ఆ రోజులు తగ్గించుకోండి అంతే, అన్నం, పప్పు, ఇడ్లీ, గుడ్డు, పండ్లు ఏది సహిస్తే అది కొంచెం కొంచెం ఎక్కువసార్లు పెట్టండి. పసుపు తింటే కళ్ళు పచ్చబడతాయన్నది నిజం కాదు. రోడ్డు పక్క చెరుకురసం మాత్రం వద్దు, ఆ ఐస్ ఏ నీళ్ళతో చేశారో తెలీదు, అసలు జబ్బు వచ్చేదే అలాంటి నీళ్ళవల్ల. జ్వరానికి, ఒళ్ళునొప్పులకి డోలో లాంటివి డాక్టర్ని అడక్కుండా వెయ్యొద్దు.

ఇవి గుర్తుపెట్టుకోండి: మగతగా ఉండడం, మాట తడబడడం, పగలంతా నిద్రపోయి రాత్రి మెలకువగా ఉండడం, చిగుళ్ళనుంచో ముక్కునుంచో రక్తం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం, వీటిల్లో ఏది కనిపించినా ఆదివారం దాకా, సోమవారం దాకా ఆగకుండా లివర్ చూసే పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి. పీటీ ఐఎన్ఆర్ రాసింది కూడా అందుకే, లివర్ తన పని తను చేస్తోందా లేదా అన్నది బిలిరుబిన్ కంటే అదే బాగా చెప్తుంది. బిలిరుబిన్ 8 ఉండి ఐఎన్ఆర్ మామూలుగా ఉంటే నేను పెద్దగా కంగారుపడను, బిలిరుబిన్ అంతే ఉండి ఐఎన్ఆర్ 2 దాటితే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు.

---

రైతుబిడ్డ_పాలకొల్లు

డాక్టర్ గారూ మీరు చెప్పింది బానే ఉంది గానీ మరీ అంత భయపెట్టేస్తే ఎలాగండి. మా ఊళ్ళో తాతల కాలం నుంచీ పసరు ఇస్తున్న కుటుంబం ఉంది, పైసా తీసుకోరు, కొబ్బరికాయ, తాంబూలం ఇస్తే చాలు. అదే ప్రైవేటు ఆసుపత్రికెళితే చెయ్యి పెట్టగానే వేలు. పేదోడు ఎక్కడికి పోతాడు? నేల ఉసిరి లివర్‌కి మంచిదని సైన్సు వాళ్ళే పరిశోధన చేశారని నేను చదివాను, మన దగ్గరున్నదాన్ని మనమే తక్కువ చేసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

---

కామాక్షి_బీఏఎంఎస్

పాలకొల్లు అన్నయ్యగారూ, నేను ఆయుర్వేదం చదివినదాన్ని, ప్రాక్టీస్ చేస్తున్నదాన్ని, కాబట్టి మన వైద్యాన్ని తక్కువ చేస్తానని అనుకోరనే ధైర్యంతో రాస్తున్నా.

మీరు చెప్పిన పరిశోధన నిజమే. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో రాశారు, హెపటైటిస్ బి ఒంట్లో ఉండిపోయినవాళ్ళకి నేల ఉసిరి పొడి నెలరోజులు ఇస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు పోయిందని, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయిందని. అప్పట్లో ప్రపంచం మొత్తం దీనివైపు చూసింది. కానీ తర్వాత వేరే చోట్ల అదే ప్రయత్నం చేస్తే ఆ ఫలితం రాలేదు. అంటే మనవాళ్ళ మొక్కని ఎవరూ పట్టించుకోలేదన్నది నిజం కాదు, గౌరవంగా తీసుకుని పరీక్షించారు, ఆ పరీక్షలో అది నిలబడలేదు, అంతే. ఈలోగా మన హైదరాబాద్‌లోనే వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చి సామాన్యుడికి అందే ధరకి దించింది. అదీ మనదేగా.

రెండో సంగతి. చరకసంహితలో కామల, అంటే కామెర్ల గురించి ఉన్నది చదివితే మీకే ఆశ్చర్యమేస్తుంది. దారి మూసుకుపోయి వచ్చే కామలని వేరుగా చెప్పారు, ఆ రోగికి మలం నువ్వులపిండి రంగులో ఉంటుందని రాశారు. సతీష్ గారి మేనమామకి వచ్చింది చూడండి, అచ్చం అదే. దానికి చికిత్స వేరు, మామూలు కామలకి వేరు. అంటే మన శాస్త్రమే ముందు ఏ రకమో తేల్చమంటోంది. వచ్చినవాళ్ళందరికీ ఒకటే గ్లాసు అందించడం ఆయుర్వేదం కాదండీ, దయచేసి దాన్ని ఆయుర్వేదం ఖాతాలో వెయ్యొద్దు. అందులో ఏ ఆకు ఎంత వేశారో చెప్పరు, చెబితే గుణం పోతుందంటారు. కొన్నిచోట్ల ముక్కులో పోస్తారు, కళ్ళల్లో పోస్తారు, కళ్ళు పాడైతే ఎవరిది బాధ్యత?

మొక్క కాబట్టి హాని చెయ్యదనే మాట కూడా వదిలేద్దాం. కోవిడ్ టైములో తిప్పతీగ కషాయం ఇంటింటా తాగారు కదా, అది తాగాక లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో బయటపెట్టారు, తర్వాత ఇంకొన్ని ఊళ్ళనుంచీ అలాంటివే వచ్చాయి. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన నడుస్తూనే ఉంది, నేను మాత్రం ఎస్‌జీపీటీ వేలల్లో ఉన్న మనిషికి ఏ కషాయమూ ఇవ్వను. ముందు గాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపిస్తాను, కోలుకున్నాక ఆకలికీ నీరసానికీ నా దగ్గరికి వస్తే అప్పుడు చూస్తాను.

ఇంగ్లీషు వైద్యమా మన వైద్యమా అని కొట్టుకునేవాళ్ళకి నేనెప్పుడూ యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్తుంటా. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ముల్ని తీసుకుపోయింది, ఆయనకీ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు, మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు కూడా చెప్పారు. తగ్గింది కదా అని అక్కడితో ఆగలేదాయన, ఎందుకు తగ్గిందో, అసలు ఆ జబ్బేమిటో తెలియాలని అమెరికా దాకా వెళ్ళారు, లెడర్లీ ల్యాబ్‌లో ఆయన టీమే 1945 నాటికి ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, స్ప్రూకి అదే మందయింది.

డబ్బు మాట మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం అన్నయ్యగారూ. అందుకే చెప్తున్నా, 2018 జులై నుంచి కేంద్రం వైరల్ హెపటైటిస్ ప్రోగ్రామ్ నడుస్తోంది, దాని కింద ఉన్న ప్రభుత్వాసుపత్రుల్లో బి, సి టెస్టులు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

---

విజయ_నెల్లూరు

కామాక్షి గారు బి మాట ఎత్తారు కాబట్టి మా మరిది విషయం రాస్తున్నా. చాన్నాళ్ళ క్రితం కామెర్లొస్తే పసరు తాగాడు, కళ్ళు తెల్లబడ్డాయి, ఇంట్లో అందరం మర్చిపోయాం. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఆఫీసులో రక్తదానం క్యాంపులో ఇస్తే, మీ రక్తం తీసుకోలేం, హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, అంటే రక్తంలో హెపటైటిస్ బి ఉంది అని కబురొచ్చింది. ఆ కామెర్లప్పుడే బి ఉందో, అంతకుముందు నుంచే ఉందో ఇప్పుడెవరూ చెప్పలేరు, అప్పుడు టెస్ట్ చేయించలేదు కదా. కళ్ళు తెల్లబడ్డం వేరు, వైరస్ పోవడం వేరు అని అప్పుడే మాకు అర్థమైంది. ఇప్పుడు రోజూ బి వైరస్‌ని అణిచిపెట్టే టెనోఫోవిర్ మాత్ర ఒకటి వేసుకుంటాడు, ఆర్నెల్లకోసారి స్కాన్, బానే ఉన్నాడు. మా తోటికోడలికి టెస్ట్ చేసి టీకాలు వేయించాం, దేవుడి దయవల్ల పిల్లలకి పుట్టగానే వేసిన టీకాలు ఉన్నాయి.

గోదారమ్మాయి గారూ, మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి. కళ్ళముందు బిడ్డ అలా పడుంటే ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఏ తల్లివల్లా కాదు, డాక్టర్ రెస్ట్ అన్నాడంటే ఆవిడకి చేతులు కట్టేసినట్టుంటుంది. ఆవిడకి పని చెప్పండి. నీళ్ళు మరిగించి చల్లార్చడం, రెండు గంటలకోసారి కొంచెం తినిపించడం, మూత్రం రంగు చూడడం, రాత్రి మధ్యలో లేపి సరిగ్గా మాట్లాడుతున్నాడా లేదా చూడడం. ఇది ఉత్తి కాలక్షేపం కాదు, ఈ జబ్బులో నిజమైన వైద్యం చాలావరకు ఇదే.

---

గోదారమ్మాయి_ఏలూరు

అందరికీ చాలా చాలా థాంక్స్. విజయ గారి మాట నేరుగా అమ్మకి చదివి వినిపించా, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, బండి వద్దని చెప్పేసింది. సతీష్ అన్న మేనమామ సంగతి విన్నాక నాన్న కూడా టెస్టులవైపే వచ్చారు. రిపోర్టులొచ్చాయి, హెపటైటిస్ ఇ పాజిటివ్, బి సి రెండూ లేవు, ఐఎన్ఆర్ 1.3, స్కానింగ్‌లో రాళ్ళేమీ లేవు, లివర్ కొంచెం వాచిందన్నారు. డాక్టర్ వారానికోసారి రక్తపరీక్ష చేయించమన్నారు.

ఇంకో డౌట్. మా వదినకి ఏడో నెల, పురిటికని వచ్చి ఇక్కడే ఉంది, తమ్ముడు వచ్చిన దగ్గర్నుంచీ అదే ఇల్లు, అదే బాత్రూమ్. ఆవిడకేం ఇబ్బంది లేదు ఇప్పటిదాకా. పిన్నిగారు ముందుజాగ్రత్తగా వదినకి పసరు ఒక గ్లాసు పడితే మంచిదంటున్నారు, నాకు భయమేసి అడుగుతున్నా.

---

నైట్‌డ్యూటీ_గుంటూరు

అమ్మా, దీనికి వెంటనే జవాబు రాస్తున్నా. ఆవిడకి పసరు చుక్క కూడా వద్దు, పేరు తెలియని ఆకు ఏదీ గర్భిణి కడుపులోకి వెళ్ళకూడదు. కానీ అసలు జాగ్రత్త ఇంకొకటి ఉంది. మీ తమ్ముడికి హెపటైటిస్ ఇ పెద్ద ప్రమాదం లేకుండా తగ్గిపోయే జబ్బు, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి మాత్రం అదే చాలా ప్రమాదం, ఆ నెలల్లో వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణం పోయే అవకాశం ఉందని లెక్క. ఇ వైరస్ ఎక్కువగా పాడైన నీళ్ళ ద్వారానే వస్తుంది, ఒకే ఇంట్లో మనిషి నుంచి మనిషికి అంటడం తక్కువే, కాబట్టి భయంతో ఒణికిపోవద్దు, అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు.

వీలుంటే ఆవిడని కొన్నాళ్ళు వేరే బాత్రూమ్ ఉన్న ఇంట్లో, దగ్గరి చుట్టాలింట్లో ఉంచండి. కుదరకపోతే బాత్రూమ్ రోజూ బ్లీచింగ్‌తో కడగండి, తమ్ముడు వెళ్ళొచ్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, వంటింట్లోకి రాకూడదు. ఇంట్లో అందరికీ బాగా మరిగించి చల్లార్చిన నీళ్ళే, పళ్ళు తోముకోడానికి కూడా. తమ్ముడు ఏలూరు వచ్చాక జబ్బుపడలేదు, హైదరాబాద్‌లోనే అంటించుకుని ఉంటాడు, ఎందుకంటే వైరస్ ఒంట్లోకి వెళ్ళాక బయటపడడానికి 2 నుంచి 10 వారాలు పడుతుంది. అదే లెక్క వదినగారికీ వర్తిస్తుంది, ఇవాళ బాగుందని రెండు వారాలకే నిశ్చింతగా ఉండొద్దు, కాన్పు దాకా గమనిస్తూనే ఉండండి.

రేపే ఆవిడ గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేసి ఇంట్లో హెపటైటిస్ ఇ కేసు ఉందని చెప్పండి, రక్తపరీక్ష ఎప్పుడు చెయ్యాలో ఆవిడ చెప్తారు. జ్వరం, వాంతులు, మూత్రం ముదురు రంగు, ఒళ్ళంతా దురద, వీటిలో ఏది మొదలైనా కళ్ళు పచ్చబడేదాకా చూడొద్దు, ఐసీయూ, కాన్పు విభాగం రెండూ ఉన్న ఆసుపత్రికి అదే రోజు తీసుకెళ్ళండి. ఆ ఆసుపత్రి ఏదో, రాత్రిపూట అక్కడికి ఎలా వెళ్తారో ఇవాళే మాట్లాడి పెట్టుకోండి.